ఎదుర్కోలుకి వెళ్ళేది పారిపోవడానికా?

రెండు వారాల క్రితం గురువారం. క్లయింట్‌తో కాల్‌లో ఉన్నాను. మా అక్క నంబర్ నుంచి వరసగా మూడు మిస్డ్ కాల్స్. నాలుగోసారి ఎత్తాను. అవతల అక్క కాదు, తొమ్మిదేళ్ళ నా మేనకోడలు. వెక్కి వెక్కి ఏడుస్తోంది.

"మామయ్యా, అమ్మ లేదు. ఫోనేమో మంచం మీదే ఉంది. స్టవ్ మీద పాలు పొంగిపోతున్నాయి. అమ్మని తీసుకెళ్ళిపోయారు."

ఎవరు తీసుకెళ్ళారే అని కంగారుగా అడిగితే, "యేసయ్య" అంది.

ముందు స్టవ్ కట్టేయించాను. తర్వాత ధైర్యం చెబుదామని, "నేనున్నాను కదమ్మా, నన్ను తీసుకెళ్ళలేదుగా, అంటే అదేం జరగలేదన్నమాట" అన్నాను. అటునుంచి కాసేపు మాట లేదు. తర్వాత నెమ్మదిగా, "నువ్వు ప్రతి ఆదివారం చర్చికి రావు కదా మామయ్యా, అందుకే ఉండిపోయావేమో" అంది. :)

ఇప్పుడు రాస్తుంటే నవ్వొస్తోంది గానీ, ఆ పిల్ల గొంతు విన్నప్పుడు నాకు నవ్వు రాలేదు. ఐదు నిమిషాల్లో అక్క వచ్చేసింది. కొరియర్ అబ్బాయికి ఫ్లాట్ దొరక్కపోతే కిందికి దిగిందట. అంతే జరిగింది.

ఆరా తీస్తే అసలు సంగతి తెలిసింది. ఆ ముందు ఆదివారం సండే స్కూల్లో పిల్లలకి ఒక సినిమా చూపించారు. ఉన్నట్టుండి మనుషులు మాయమైపోతారు. బట్టలు కుప్పగా నేలమీద పడి ఉంటాయి. మిగిలిపోయినవాళ్ళు ఏమయ్యారో వచ్చేవారం చెప్తామని అక్కడికి ఆపేశారట, డైలీ సీరియల్లాగా. ఈ వారం రోజులూ పిల్లలకి నిద్రెలా పడుతుందన్న ఆలోచన పెద్దలకి రాలేదు.

నెలకో ఆదివారం అదే సండే స్కూల్లో నేనూ పాఠం చెప్పేవాణ్ణి. ఆ చొరవతో పెద్దలకి ఒక మెయిల్ రాశాను. ఇది చిన్నపిల్లల్ని భయపెట్టి చెప్పాల్సిన విషయం కాదు, పైగా దీని మీద క్రైస్తవులందరికీ ఏకాభిప్రాయం కూడా లేదు అని. జవాబు రెండే లైన్లు. శ్రమలకి ముందే సంఘం ఎత్తబడుతుందన్నది మన విశ్వాస ప్రమాణంలో ఉంది, దాని మీద అనుమానాలున్నవాళ్ళు పాఠం చెప్పకుండా ఉంటే మంచిది అని. అంటే నన్ను పీకేశారన్నమాట. ఉద్యోగంలోంచి తీసేసినా నోటీస్ పీరియడ్ ఉంటుంది!

నా పాఠం పోతే పోయింది. కానీ ఈ విషయం మీద ఇంత ఖాయంగా మాట్లాడే హక్కు వాళ్ళకి ఎక్కణ్ణుంచి వచ్చిందన్నదే నా ప్రశ్న. అందుకే ఈ టపా. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకోండి.

క్రైస్తవులు కాని మిత్రుల కోసం ముందు నాలుగు ముక్కలు. యేసు మళ్ళీ వస్తాడన్నది క్రైస్తవులందరి నమ్మకం. దీన్ని రాకడ అంటాం. ఆయన వచ్చేటప్పుడు చనిపోయిన విశ్వాసులు లేస్తారనీ, బతికున్నవాళ్ళు మేఘాల్లోకి ఎత్తబడతారనీ పౌలు థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయంలో ఉంది. ఇంగ్లీషువాళ్ళు రప్చర్ అనేది దీన్నే. ఆ మాట లాటిన్ బైబిల్లో ఇక్కడ వాడిన క్రియ నుంచి వచ్చింది. మన తెలుగు చర్చిల్లో 'ఎత్తబడుట' అంటారు. ఇంతవరకూ పెద్ద పేచీ లేదు.

పేచీ అంతా 'ఎప్పుడు' అన్న దగ్గరే. అంతానికి ముందు మహాశ్రమల కాలం ఒకటి ఉంటుందనీ, అప్పుడు క్రీస్తు విరోధి పెత్తనం సాగుతుందనీ చెప్తారు. మరి ఎత్తబడేది ఆ శ్రమలకి ముందా, మధ్యలోనా, తర్వాతా? ముందే అనేవాళ్ళు ప్రీ-ట్రిబ్. మధ్యలో అంటే మిడ్-ట్రిబ్. తర్వాత అంటే పోస్ట్-ట్రిబ్. ఇవి చాలవన్నట్టు 1990లో మార్విన్ రోసెంతాల్ అనే ఆయన రెండో సగంలో, దేవుని ఉగ్రత మొదలయ్యే ముందు అంటూ 'ప్రీ-రాత్' అని ఇంకోటి తెచ్చాడు. ఇటుపక్క కాథలిక్కుల్లో, ఆర్థడాక్సువాళ్ళలో, లూథరన్లలో చాలామందికి అసలీ టైమ్‌టేబులే లేదు. ఒక్కసారే వస్తాడు, అంతే అంటారు.

తెలుగునాట పెంతెకొస్తు, బ్రదరన్, ఇండిపెండెంట్ సంఘాల్లో పుట్టి పెరిగినవాళ్ళకి ఈ 'ముందే' అన్నది బైబిల్ అంత పాతదనిపిస్తుంది. నాకూ ఇంజనీరింగ్ చదివే రోజులదాకా అలాగే అనిపించేది. నిజానికి ఒక సిద్ధాంతంగా దాని వయసు ఇంచుమించు రెండు వందల ఏళ్ళు.

జాన్ నెల్సన్ డార్బీ అని ఒకాయన ఉండేవాడు. 1800లో లండన్‌లో పుట్టాడు. ఐర్లాండులో ఆంగ్లికన్ ఫాదరీగా పనిచేశాడు. 1827లో గుర్రం వల్ల ప్రమాదం జరిగి మంచాన పడ్డాడు. ఆ తీరికలో బైబిల్ చదువుతూ, ఇశ్రాయేలు వేరు, సంఘం వేరు, ఇద్దరికీ దేవుడు వేసిన ప్లాన్లు కూడా వేరు అన్న ఆలోచనకి వచ్చాడు. 1830ల్లో ఐర్లాండులోని పవర్స్‌కోర్ట్‌లో జరిగిన సభల్లో ఇలాంటి ప్రవచన చర్చలు జోరుగా సాగాయి. అక్కణ్ణుంచి బ్రదరన్ సంఘాల్లోకి, వాళ్ళనుంచి అమెరికాకి పాకింది. 1909లో స్కోఫీల్డ్ బైబిల్ అచ్చయింది. వాక్యం పైన, స్కోఫీల్డ్ గారి నోట్సు కింద. చదివేవాళ్ళకి కొన్నాళ్ళకి ఏది వాక్యమో ఏది ఫుట్‌నోటో తేడా తెలీకుండా పోయింది. 1924లో డాలస్‌లో పెట్టిన సెమినరీ ఈ సిద్ధాంతానికి కోటలాంటిదయింది (అవును, మనవాళ్ళు సగం మంది ఉంటున్నారా అనిపించే ఆ డాలసే). 1970లో హాల్ లిండ్సే పుస్తకం, 1972లో 'ఎ థీఫ్ ఇన్ ద నైట్' సినిమా, 1995 నుంచి 'లెఫ్ట్ బిహైండ్' నవలలు వచ్చాయి. ఈ నవలలు ఆరు కోట్ల కాపీలకి పైగా అమ్ముడుపోయాయి. 1972 సినిమాలో మొగుడు మాయమైపోతాడు, అతని షేవింగ్ మిషన్ మాత్రం సింకులో గుర్రుమంటూ తిరుగుతుంటుంది. మా పిల్ల చూసిన పాల గిన్నె దానికి మనవరాలన్నమాట.

ఇంతకుముందు వాళ్ళు ఏమనుకునేవారు? రెండో శతాబ్దపు ఐరేనియస్‌ని చూసినా, అంతకంటే పాతదైన 'డిడకే'ని చూసినా, క్రీస్తు విరోధి కాలంలో విశ్వాసులు ఇక్కడే ఉండి శ్రమపడతారనే ఉంది. ఓర్చుకోమనే చెప్పారు తప్ప ముందే తప్పించుకుంటారని చెప్పలేదు.

ఇక్కడ నా వైపువాళ్ళు వాడే ఒక చెత్త వాదన ఉంది, అది నేను వాడను. 1830లో స్కాట్లండులో మార్గరెట్ మెక్‌డొనాల్డ్ అనే అమ్మాయికి వచ్చిన దర్శనం నుంచి డార్బీ దీన్ని కాపీ కొట్టాడని కొందరు రాశారు. దానికి సరైన ఆధారం లేదని చరిత్ర చూసినవాళ్ళు చాలామంది అంటారు. అలాగే, కొత్తది కాబట్టి తప్పు అనీ అనను. కొత్తదైనా నిజం కావచ్చు. కానీ 1800 ఏళ్ళపాటు కోట్లమంది విశ్వాసులు వినని విషయాన్ని విశ్వాస ప్రమాణంలో పెట్టి, ఒప్పుకోనివాణ్ణి పక్కన పెట్టడం మాత్రం న్యాయం కాదు.

సరే, అసలు వాక్యంలో ఏముందో చూద్దాం.

పౌలు ఆ 4వ అధ్యాయంలో వాడిన గ్రీకు మాట 'అపాంతేసిస్'. దీన్ని తెలుగు బైబిల్ చేసినవాళ్ళు ఎంత చక్కగా పట్టుకున్నారో చూడండి. ప్రభువును 'ఎదుర్కొనుటకు' అన్నారు. ఈ రోజుల్లో ఎదుర్కోవడం అంటే కష్టాల్నో శత్రువునో అనుకుంటాం. పాత తెలుగులో అది ఎదురెళ్ళి స్వాగతం చెప్పడం. పెళ్ళిళ్ళలో ఎదుర్కోలు అంటామే, అదే! మగపెళ్ళివారు తరలివస్తున్నారని కబురు రాగానే ఆడపెళ్ళివారు బాజాభజంత్రీలతో ఊరి మొదటికి ఎదురెళ్తారు. పన్నీరు చల్లి, పానకం ఇచ్చి, వాళ్ళని వెంటబెట్టుకుని ఊళ్ళోకి తీసుకొస్తారు. అంతే తప్ప, ఎదుర్కోలుకి వెళ్ళిన ఆడపెళ్ళివారు మగపెళ్ళివారి బస్సెక్కేసి వాళ్ళ ఊరికి పారిపోరు కదా!

ఈ గ్రీకు మాట కొత్త నిబంధనలో ఇంకో రెండు చోట్ల వస్తుంది. ఒకటి మత్తయి 25లో పదిమంది కన్యకల కథ. వాళ్ళు పెళ్ళికొడుక్కి ఎదురెళ్ళి, బుద్ధిగలవాళ్ళు ఆయనతో కలిసి పెళ్ళివిందుకి లోపలికి వెళ్తారు. రెండోది అపొస్తలుల కార్యములు 28:15. పౌలు రోముకి వస్తున్నాడని తెలిసి అక్కడి విశ్వాసులు అప్పీయా సంతపేట దాకా, త్రిసత్రాల దాకా ఎదురొచ్చారు. వచ్చి పౌలుతో కలిసి రోముకే నడిచారు. పౌలు వచ్చిన ఓడెక్కి వెనక్కి పోలేదు. మూడోచోట మాత్రం ఈ మాటకి 'ఎదురెళ్ళి, ఆయనతో పాటు ఏడేళ్ళు కనపడకుండా పోవడం' అన్న అర్థం ఎందుకు చెప్పాలి?

ఒక్క మాట పట్టుకుని సిద్ధాంతం కట్టకూడదని నాకూ తెలుసు. మామూలుగా కలుసుకోవడం అనే అర్థంలోనూ ఆ మాట వాడుకలో ఉంది. అందుకే మిగతావి కూడా చూడాలి.

1. మత్తయి 24:29-31. ఆ శ్రమ ముగిసిన వెంటనే, మనుష్యకుమారుడు వచ్చి బూర శబ్దంతో తను ఏర్పరచుకున్నవాళ్ళని పోగుచేస్తాడని ఉంది. ముగిసిన తర్వాత. ఇంతకంటే సూటిగా చెప్పిన వాక్యం ఈ మొత్తం చర్చలో లేదు. అది యూదుల గురించి, సంఘం గురించి కాదని ప్రీ-ట్రిబ్‌వాళ్ళ జవాబు. ఆ తేడా మాత్రం అక్కడ రాసి లేదు, డార్బీ చట్రం పెట్టుకుంటేనే కనపడుతుంది.

2. రెండో థెస్సలొనీక పత్రిక 2వ అధ్యాయం. ప్రభువు దినం వచ్చేసిందని కంగారుపడుతున్నవాళ్ళకి పౌలు చెప్పిన ఓదార్పు ఏమిటి? ముందు భ్రష్టత్వం రావాలి, పాపపురుషుడు బయటపడాలి అని. పౌలు గనక ప్రీ-ట్రిబ్ అయితే, "పిచ్చివాళ్ళారా, మీరింకా ఇక్కడే ఉన్నారంటే అది రానట్టే" అని ఒక్క ముక్కలో తేల్చేసేవాడు. అచ్చం నేను మా మేనకోడలికి చెప్పబోయినట్టు!

3. మనల్ని ఉగ్రతకి నియమించలేదు (1 థెస్స 5:9) అనేది ప్రీ-ట్రిబ్‌వాళ్ళ బలమైన వచనం. ఒప్పుకుంటాను. కానీ అదే పత్రికలో రెండధ్యాయాలు వెనక్కెళ్తే, 3:3లో మనం శ్రమలకి నియమించబడ్డాం అని ఉంది. శ్రమ వేరు, ఉగ్రత వేరు. తెలుగులోనూ వేరే, గ్రీకులోనూ వేరే (థ్లిప్సిస్, ఓర్గే). రెండూ ఒకటే అన్నట్టు చెప్పేస్తే గానీ వాళ్ళ వాదన నిలబడదు.

4. ప్రకటన 3:10లో ఫిలదెల్ఫియ సంఘాన్ని శోధన గడియ నుంచి కాపాడతానని ఉంది. కాపాడటం అంటే ఎత్తుకుపోవడమేనా? సరిగ్గా ఇదే గ్రీకు పదబంధం యోహాను 17:15లో ఉంది. అక్కడ యేసు తన శిష్యుల్ని లోకంలోంచి తీసుకుపొమ్మని అడగటం లేదనీ, దుష్టుని నుంచి కాపాడమంటున్నాననీ విడమరిచి మరీ చెప్పాడు.

5. ఏడేళ్ళ శ్రమలు అని అలవాటుగా అంటాం కదా. బైబిల్లో ఆ మాట ఉన్నదున్నట్టుగా ఎక్కడుందో వెతకండి. ఉండదు. దానియేలు 9:27లో ఒక 'వారం' ఉంది. ప్రకటన గ్రంథంలో 42 నెలలు, 1260 దినాలు ఉన్నాయి. వీటిని కలిపి, మధ్యలో రెండు వేల ఏళ్ళ గ్యాప్ పెడితే ఏడేళ్ళు వస్తాయి. లెక్కగా చూస్తే బాగానే ఉంటుంది, కానీ అది మనం కట్టిన లెక్క.

నా వైపు చిల్లులు లేవా? ఉన్నాయి. విశ్వాసులందరూ రాకడలోనే మహిమ శరీరాలు పొందేస్తే, ఆ తర్వాత వెయ్యేండ్ల పరిపాలనలో పిల్లల్ని కనేదెవరు అని ప్రీ-ట్రిబ్‌వాళ్ళు అడుగుతారు. మంచి ప్రశ్న, నేను చదివిన జవాబులేవీ నాకు పూర్తిగా నచ్చలేదు. ప్రకటన 4 నుంచి శ్రమల అధ్యాయాల్లో 'సంఘం' అనే మాటే కనపడదన్నదీ ఆలోచించాల్సిన విషయమే. నేను పోస్ట్-ట్రిబ్ వైపు మొగ్గుతాను గానీ, ప్రమాణం చేయమంటే చెయ్యను.

చెయ్యకూడదు కూడా. డాలస్ సెమినరీకి ఎన్నో ఏళ్ళు అధ్యక్షుడిగా ఉన్న జాన్ వాల్వూర్డ్, ప్రీ-ట్రిబ్ పక్షాన అందరికంటే పెద్ద లాయరు, 1957లో వేసిన తన పుస్తకం మొదటి ముద్రణలో ఒక మాట ఒప్పుకున్నాడు. ప్రీ-ట్రిబ్ గానీ పోస్ట్-ట్రిబ్ గానీ బైబిల్లో సూటిగా చెప్పిన బోధ కాదని. తర్వాతి ముద్రణల్లో ఆ మాట ఎగిరిపోయింది. ఎత్తబడిందేమో :)

ఇప్పుడు మన కులానికి, అదేనండి ఇంజనీర్ల కులానికి, చురక వేసే భాగం.

ఈ రాకడ ఛార్టులు చూసే ఉంటారు. ఒక చివర సిలువ, ఇంకో చివర సింహాసనం, మధ్యలో బాణాలు, వృత్తాలు, ఏడేళ్ళ డబ్బా. వీటికి పేరు మోసినవాడు క్లారెన్స్ లార్కిన్. 1918లో ఆయన వేసిన 'డిస్పెన్సేషనల్ ట్రూత్' నిండా అవే. వృత్తిరీత్యా మెకానికల్ ఇంజనీరు, డ్రాఫ్ట్స్‌మన్. 1988 సెప్టెంబరు 11-13 మధ్య రప్చర్ ఖాయమని 88 కారణాలతో పుస్తకం రాసిన ఎడ్గర్ విజనెంట్, నాసాలో పనిచేసిన ఇంజనీరు. ఆ పుస్తకం 45 లక్షల కాపీలు పోయింది, ఇంకో మూడు లక్షలు పాస్టర్లకి ఊరికే పంచారు. 14వ తారీఖు మామూలుగానే తెల్లారింది. ఆయన సిగ్గుపడి ఊరుకోలేదు, లెక్కలో ఒక ఏడాది తేడా వచ్చిందని 1989కి జరిపాడు. అచ్చం మన రిలీజ్ డేట్ జరిపినట్టు!

2011 మే 21 అన్న హెరాల్డ్ క్యాంపింగ్ సంగతి మీకందరికీ తెలుసు. ఆయనది బర్క్‌లీలో సివిల్ ఇంజనీరింగ్. అంతకుముందు 1994 సెప్టెంబరు అన్నాడు, అదీ తప్పింది. 2011లో ఆయన మాట నమ్మి, న్యూయార్క్ రవాణా సంస్థలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన జీవితాంతం దాచుకున్న దాంట్లోంచి 1,40,000 డాలర్లు ప్రకటనలకి పెట్టేశాడు. 22న ఆయనకి ఎవరు తిరిగిచ్చారు? క్యాంపింగ్ మాత్రం 2012లో తారీఖులు చెప్పడం పాపమని ఒప్పుకుని, 2013లో పోయాడు. ఒప్పుకున్నాడు, అదే నయం. కొరియాలో 1992 అక్టోబరు 28 అని చెప్పిన లీ జాంగ్-రిమ్ అయితే, భక్తుల డబ్బుతో ఆ తారీఖు దాటాక మెచ్యూరయ్యే బాండ్లు కొని, మోసం కేసులో జైలుకెళ్ళాడు. మొన్న 2025 సెప్టెంబరు 23, 24 అని దక్షిణాఫ్రికా బోధకుడొకాయన చెబితే, మా ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులోకే ఆ వీడియో ఆరుసార్లు వచ్చింది.

ఇంజనీర్లే ఎందుకు పడతారు దీంట్లో? నాకనిపించేది చెప్తా. మనకి ఓపెన్ ఇష్యూ ఉంటే నిద్రపట్టదు. ఇన్‌పుట్ అంతా ఇచ్చారు కాబట్టి అవుట్‌పుట్ రావాల్సిందే అనుకుంటాం. 69 వారాలు × 7 × 360 = 1,73,880 దినాలు అని లెక్క కుదరగానే ఒళ్ళు పులకరిస్తుంది (ఇది స్కాట్లండ్ యార్డులో పెద్ద ఆఫీసరైన రాబర్ట్ ఆండర్సన్ వేసిన లెక్క). ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలీదని సాక్షాత్తూ యేసే చెప్పాక కూడా, దినం చెప్పొద్దన్నాడు గానీ క్రమం చెప్పొద్దనలేదుగా అని లూప్‌హోల్ వెతుకుతాం. తారీఖులు చెప్పేవాళ్ళని చూసి నవ్వే మన ప్రీ-ట్రిబ్ పెద్దలు గమనించాల్సింది ఇదే. తారీఖు చెప్పినవాడికీ, క్రమాన్ని విశ్వాస ప్రమాణంలో పెట్టినవాడికీ రోగం ఒకటే, డోసే తేడా.

అన్నట్టు, మాది పాలకొల్లు వైపు. మా సంఘం వేళ్ళు ఎక్కడున్నాయో మావాళ్ళకే సరిగ్గా తెలీదు. ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్ అనే ఆయన బ్రదరన్ ఉద్యమం మొదలుపెట్టినవాళ్ళలో ఒకడు, డార్బీ స్నేహితుడు. 1836లో ఆయన ఇంగ్లాండు నుంచి విలియం బౌడెన్, జార్జ్ బీర్ కుటుంబాల్ని వెంటబెట్టుకొచ్చాడు. వాళ్ళ వల్లే నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో గోదావరి డెల్టా మిషన్ మొదలైంది. సరిగ్గా ఆ 1836లోనే గ్రోవ్స్ డార్బీకి ఒక ఉత్తరం రాశాడు. సారాంశం ఏమిటంటే, మన సహవాసానికి పునాది అందరిలో ఉన్న ఒకే జీవం కావాలి గానీ, ఎవరికెంత తెలుసన్నది కాకూడదు, నువ్వు ఆ దారి తప్పుతున్నావు అని. డార్బీ వినలేదు. 1845లో ప్లిమత్‌లో బెంజమిన్ న్యూటన్‌తో గొడవపడ్డాడు. సంఘం శ్రమల్లోంచే వెళ్తుందని న్యూటన్ వాదన, వాళ్ళ తగాదాల్లో అదొకటి. 1848కల్లా బ్రదరన్‌లు నిలువునా రెండుగా చీలిపోయారు.

అంటే మా గోదావరికి సువార్త దారి వేసిన మనిషే, అదే ఏడాది, ఇలా అభిప్రాయాల్ని గేటుగా పెట్టొద్దని మొత్తుకున్నాడన్నమాట. ఆయన పేరుతో వందనాలు చెప్పుకునేవాళ్ళు నాకు రెండు లైన్ల మెయిల్ పంపారు.

అమెరికాలో ఎవాంజెలికల్ ఫ్రీ చర్చివాళ్ళు 2019లో తమ విశ్వాస ప్రమాణంలోంచి వెయ్యేండ్ల పరిపాలన ఎప్పుడన్న షరతునే తీసేశారు. వాళ్ళు తీసేస్తున్న రోజుల్లో మనం ఇంకా ఇరికిస్తున్నాం.

ఇంత రాద్ధాంతం అవసరమా, ఎప్పుడొస్తే ఏంటి, సిద్ధంగా ఉంటే చాలదా అంటారా? సిద్ధంగా ఉండటం అన్న దగ్గరే ఉంది అసలు తంటా. దేనికి సిద్ధంగా ఉండాలి? ఎత్తబడటానికా, ఓర్చుకోవడానికా?

హిట్లర్ కాలంలో యూదుల్ని ఇంట్లో దాచి, రావెన్స్‌బ్రూక్ క్యాంపులో చావు తప్పించుకుని బయటపడ్డ డచ్ విశ్వాసి కోరీ టెన్ బూమ్ పేరు వినే ఉంటారు. అక్క అక్కడే చనిపోయింది. శ్రమలు రాకముందే మీరు ఎత్తబడతారని చైనా విశ్వాసులకి బోధించారనీ, తీరా హింస వచ్చేసరికి వాళ్ళు సిద్ధంగా లేకుండా పోయారనీ ఆవిడ 1974లో రాసింది. ఆవిడ దృష్టిలో అది అబద్ధ బోధ. నేను అంత మాట అనను. కానీ ఆవిడ క్యాంపులోంచి మాట్లాడింది, నేను ఏసీ రూములోంచి.

2008లో ఒడిశా కంధమాల్‌లో ఇళ్ళు తగలబడి, పిల్లల్ని చంకనేసుకుని అడవుల్లోకి పరిగెత్తి, తర్వాత సహాయ శిబిరాల్లో నెలల తరబడి బతికిన వేలమంది విశ్వాసులు మనకి పక్క రాష్ట్రంవాళ్ళే. 2015లో లిబియా తీరంలో నారింజ రంగు బట్టలు తొడిగి 21 మందిని మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు, వాళ్ళలో 20 మంది ఈజిప్టు కాప్టిక్ కూలీలు. వాళ్ళ దగ్గరికెళ్ళి "కంగారుపడకండి, మహాశ్రమలు మొదలయ్యే ముందే మనల్ని తీసేస్తారు" అని చెప్పగలమా? చెప్పి వాళ్ళ మొహం చూడగలమా? మనకి జరిగితే తప్ప అది మహాశ్రమ కాదన్నమాట! సెకండ్ శాటర్‌డే ఉపవాస కూడికలో పొంగల్ తిని, శ్రమల ఛార్టు ప్రొజెక్టర్ మీద వేసుకునేవాళ్ళకే ఈ సిద్ధాంతం ఇంత హాయిగా ఉంటుంది. ఆ హాయి చూసే నాకు అనుమానం.

ప్రీ-ట్రిబ్ నమ్మేవాళ్ళందరూ ఇలాగే అనను. మా నాయనమ్మ జీవితాంతం ప్రీ-ట్రిబ్బే, ఆ పేరు ఆవిడకి తెలీదు గానీ. రాకడ రేపేనేమో అని, బాకీ ఉంటే ఇవాళే తీర్చేసేది, కోపం ఉంటే పొద్దుగూకేలోపు వెళ్ళి మాట్లాడేసేది. ఆ నిరీక్షణని నేను వెక్కిరిస్తే నా నోరు పడిపోద్ది. అదే ఇంట్లో పదేళ్ళప్పుడు నేను స్కూలు నుంచొచ్చి, గుమ్మం దగ్గర నాయనమ్మ చెప్పులుండి నాయనమ్మ లేకపోతే, వీధి చివరిదాకా ఏడుస్తూ పరిగెత్తాను. ఆవిడ ఒట్టికాళ్ళతో పక్కింట్లో చింతపండు నలుగుతోంది. ఇద్దరం ఒకే బోధ విన్నాం. ఆవిడకి ఆశ అయింది, నాకు భయమైంది. ఇప్పుడు నా మేనకోడలి వంతు. మూడో తరానికి కూడా ఇదే ఆస్తి ఇవ్వాలా?

నేనడిగేవి మూడే. ఒకటి, శ్రమలకి ముందా తర్వాతా అన్నదాన్ని విశ్వాస ప్రమాణంలోంచి తీసెయ్యండి. ఆయన వస్తాడన్నది ఉంచండి, అది చాలు. రెండు, పన్నెండేళ్ళు నిండని పిల్లలకి మాయమైపోయే తల్లుల సినిమాలు చూపించకండి. పౌలు ఆ నాలుగో అధ్యాయం చివర, ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోమని రాశాడు, బెదిరించుకోమని కాదు. మూడు, శ్రమపడుతున్న సంఘాల గురించి నెలకో ఆదివారమైనా చెప్పండి. ఛార్టులో శ్రమల డబ్బా ఎక్కడ గీయాలన్న వాదన ఆ తర్వాత తీరిగ్గా పెట్టుకుందాం, నేనూ వస్తాను.

నేను తప్పని వాక్యంతో చూపిస్తే సంతోషంగా దిద్దుకుంటాను. వాక్యం ఇవ్వకుండా "బ్రదర్, మీకోసం ప్రార్థిస్తున్నాం" అని మాత్రం అనకండి. దాని అర్థం నాకు తెలుసు.

కొసమెరుపు: మొన్న ఆదివారం అక్కావాళ్ళింటికెళ్ళి మేనకోడలికి ఎదుర్కోలు సంగతి చెప్పాను. వాళ్ళ అత్త పెళ్ళిలో పన్నీరు బుడ్డి పట్టుకుని ముందు నడిచింది తనే, కాబట్టి చప్పున అర్థమైంది. "అయితే అమ్మ నన్నొదిలేసి వెళ్ళదా?" అంది. "వెళ్ళదమ్మా. అందరం కలిసే ఎదురెళ్తాం, ఆయన్ని తీసుకుని కలిసే వస్తాం" అన్నాను. "నువ్వు కూడానా?" అని నన్ను ఎగాదిగా చూసింది. నేను కూడా అన్నాను.

"ముందు వచ్చే ఆదివారం చర్చికి రా, చూద్దాం" అంది.